'రెబెకా' నవల: ఎక్కడ పట్టేస్తుంది, ఎక్కడ విసిగిస్తుంది, ఎలా చదివితే దక్కుతుంది

డాఫ్నీ డు మోరియే రాసిన 'రెబెకా' 1938లో లండన్‌లో గొలాంజ్ ప్రచురణగా వచ్చింది. మొత్తం 27 అధ్యాయాలు. ఇప్పుడు దొరికే పేపర్‌బ్యాక్‌లు 400 పేజీలకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. సైకలాజికల్ థ్రిల్లర్ అనగానే మనకు గుర్తొచ్చే సరంజామా అంతా ఇందులో ఉంది: మాట మీద పూర్తి నమ్మకం ఉంచలేని కథకురాలు, ఏదో దాస్తున్న భర్త, వాడకుండా ఉంచిన గదులు, చనిపోయాక కూడా ఇల్లు వదలని మొదటి భార్య. ఏళ్ల తరబడి తిరగేస్తూ వచ్చిన మీదట నా అభిప్రాయం ఇది: రహస్యం తెలిసిపోయినా ఈ పుస్తకంలో ఉత్కంఠ తగ్గదు, ఎందుకంటే ఆ ఉత్కంఠ రహస్యం మీద కట్టింది కాదు. అసలు రహస్యం ఏమిటో ఇక్కడ బయటపెట్టను. ఇంకా చదవని వాళ్లు కూడా నిశ్చింతగా ముందుకు సాగొచ్చు.

కథ ఎత్తుగడ క్లుప్తంగా. మాంటీకార్లోలో ఒక డబ్బున్న అమెరికన్ ఆవిడకు తోడుగా జీతానికి కుదిరిన ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి, నలభై దాటిన మాక్సిమ్ డి వింటర్‌ను పెళ్లి చేసుకుని అతని ఎస్టేటు మాండర్లేకు వస్తుంది. మొదటి భార్య రెబెకా ఏడాది కిందట సముద్రంలో పడవ మునిగి పోయింది. ఇల్లు మాత్రం ఇంకా ఆమె చేతుల్లోనే ఉన్నట్టు నడుస్తుంటుంది. ఇంటి పెత్తనం మిసెస్ డాన్వర్స్‌ది. కథ చెప్పే అమ్మాయి పేరు పుస్తకం మొత్తంలో ఎక్కడా రాదు.

మొదటి అధ్యాయంలోనే మాండర్లే పాడుబడిపోయిందని తెలుస్తుంది. రెండో అధ్యాయంలో భార్యాభర్తలిద్దరూ ఎక్కడో పరాయి దేశంలో, హోటళ్లలో కాలక్షేపం చేస్తుంటారు. అంటే ఇద్దరూ బతికే ఉన్నారు, కలిసే ఉన్నారు, ఇల్లే లేదు. మామూలు థ్రిల్లర్ చివరిదాకా దాచుకునే సంగతులు ఇవి. వీటిని ముందే ఇచ్చేయడంతో "ఏమవుతుంది?" అన్న ప్రశ్న పక్కకు పోయి "ఇలా ఎందుకయింది?" అన్నది మిగులుతుంది. దీని వెనక ఒక సంగతి ఉంది. రచయిత్రి మొదట ఉపసంహారంగా రాసుకున్న భాగాన్నే తర్వాత తెచ్చి ముందు అధ్యాయాల్లో కలిపేసింది. ఆ పాత రూపం 1981లో వచ్చిన 'ది రెబెకా నోట్‌బుక్'లో చూడొచ్చు. అందులో భర్త పేరు మాక్సిమ్ కాదు, హెన్రీ. ఇది తెలియకపోవడం వల్లే చాలామంది "చివర అర్ధాంతరంగా తెగిపోయింది" అని ఫిర్యాదు చేస్తారు. 27వ అధ్యాయం నిజంగానే కోసేసినట్టు ఆగిపోతుంది. కథకు చివర అనదగ్గది పుస్తకం మొదట్లో ఉంది. కాబట్టి ఆఖరి పేజీ అయిన వెంటనే, పుస్తకం కింద పెట్టకుండా, మొదటి రెండు అధ్యాయాలు మళ్లీ చదవాలి. అరగంట పని. అప్పుడుగానీ చదువు పూర్తయినట్టు కాదు.

ఇక అసలు పనితనం. ఈ నవలలో భయపెట్టేది జరిగిన సంఘటనల కన్నా కథ చెప్పే అమ్మాయి ఊహించుకున్నవే ఎక్కువ. పనివాళ్లు వంటింట్లో తన గురించి ఏమనుకుంటున్నారో, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కారెక్కాక ఏం చెప్పుకుంటారో, రెబెకా ఉన్నప్పుడు ఇదే కుర్చీలో ఎలా కూర్చునేదో పేజీలకు పేజీలు ఊహిస్తుంది. ఆ ఊహల్లో సంభాషణలు కూడా నిజంగా విన్నట్టే ఉంటాయి. పాఠకుడు రెండు మూడు అధ్యాయాలు గడిచేసరికి ఊహకూ నిజానికీ మధ్య గీత మరిచిపోతాడు. రెబెకా ఎలాంటిదో మనకు తెలుసని నమ్మకం కుదిరిపోతుంది. ఎవరు చెప్పారని వెనక్కి వెళ్లి వెతికితే, సగం సంగతులు ఎవరూ చెప్పలేదని తేలుతుంది. చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని, ఎదుటి మనిషి నోటితో అన్న మాట పక్కన ఒక గీత, ఈ అమ్మాయి అనుకున్న మాట పక్కన రెండు గీతలు పెట్టి చూడండి. 8 నుంచి 13వ అధ్యాయం దాకా చేస్తే చాలు. రెండు గీతలే ఎక్కువ కనిపిస్తాయి. ఈ చిన్న పనితో నవల కీలు ఎక్కడుందో తెలిసిపోతుంది. కాకపోతే మొదటిసారి చదివేటప్పుడు ఇది చేయొద్దు, మజా పోతుంది.

మిగతా భయం వస్తువుల్లోంచి వస్తుంది. రెబెకా పుస్తకంలో ఒక్కసారి కూడా ప్రత్యక్షంగా కనిపించదు. ఆమె చేతిరాతలో ఒరిగి నిలబడే పొడవాటి 'ఆర్' అక్షరం మొదట మాంటీకార్లోలో ఒక కవితల పుస్తకం మీద కనిపిస్తుంది. అదే రాత తర్వాత మాండర్లేలో ఆమె రాత బల్ల దగ్గర ఎదురవుతుంది. వానకోటు జేబులో రుమాలు దొరుకుతుంది. దాని మీద లిప్‌స్టిక్ మరక, అజేలియా పూల వాసన. కోటు తనకు వదులుగా, పొడుగ్గా ఉండడాన్ని బట్టి ఆ మనిషి ఎత్తు, భుజాల వెడల్పు లెక్కవేసుకుంటుంది ఈ పిల్ల. ఏ వస్తువూ ఒక్కసారి వచ్చి ఊరుకోదు. రెండోసారి వచ్చినప్పుడు ఇంకాస్త బరువెక్కి వస్తుంది. 8వ అధ్యాయంలో ఇంటి టెలిఫోన్ మోగే ఘట్టం చూడండి. మిసెస్ డి వింటర్ కావాలని అవతలి వాళ్లు అడిగితే, ఆవిడ చనిపోయి ఏడాది దాటిందని ఈ అమ్మాయే సమాధానం చెబుతుంది. అవతలి గొంతు ఆ పేరు మళ్లీ పలికాక గానీ అది ఇప్పుడు తనదేనని తట్టదు. రక్తపు చుక్క లేదు, తలుపు కిర్రుమనడం లేదు. నా లెక్కలో పుస్తకం మొత్తానికి ఇదే గొప్ప భయంకర దృశ్యం.

విసుగు పుట్టే చోటు కూడా ఇక్కడే ఉంది. 8 నుంచి 12 దాకా అమ్మాయి పిరికితనం కొందరిని చిరాకు పెడుతుంది. పింగాణీ బొమ్మ పగిలితే ముక్కలు సొరుగులో దాచేస్తుంది, పనివాళ్లకు చెప్పడానికి జంకుతుంది, భర్తను అడగాల్సిన మాట అడగదు. చదవడం మానేసేవాళ్లలో ఎక్కువమంది మానేసేది ఇక్కడే. వారపత్రికల సీరియల్స్ మీద పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ చిరాకు ఇంకాస్త ఎక్కువే. మనకు ప్రతి భాగం చివర ఒక కొక్కెం తగిలించి ఆపడం అలవాటు. ఇక్కడ చాలా అధ్యాయాలు టీ తాగడంతోనో, కుక్కను వెంటబెట్టుకుని నడవడంతోనో ముగుస్తాయి. దీనికి మందు ఒక్కటే: ఈ ఐదు అధ్యాయాలూ రోజుకు పది పేజీల చొప్పున సాగదీయకుండా ఒకటి రెండు విడతల్లో కానిచ్చేయాలి. పది పేజీలే చదివితే పిరికితనం ఒక్కటే కనిపిస్తుంది. ఎనభై పేజీలు ఒకేసారి చదివితే ఆ ఇంట్లో ఊపిరాడకపోవడం మనకూ అంటుకుంటుంది.

మొత్తం పుస్తకాన్ని నాలుగు భాగాలుగా విడదీసుకుంటే బాగా నడుస్తుంది. 1 నుంచి 7 ఒక భాగం, 8 నుంచి 15 రెండోది, 16 నుంచి 20 మూడోది, 21 నుంచి 27 చివరిది. గంటకు 30 పేజీల వేగంతో చదివేవాళ్లకు అంతా కలిపి 13, 14 గంటలు పడుతుంది. మూడో భాగాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మధ్యలో ఆపకూడదు. 16లో ఫ్యాన్సీ డ్రెస్ విందుకు ఏర్పాట్లు, 17లో విందు, 18లో కిటికీ దగ్గర డాన్వర్స్‌తో ఎదురుకావడం, 19లో పొగమంచులో ఓడ ఒకటి తీరానికి కొట్టుకురావడం, 20లో ముడి విడిపోవడం. అంతదాకా నెలల మీద తాపీగా నడిచిన కాలం ఇక్కడి నుంచి రోజులు, గంటల లెక్కకు వచ్చేస్తుంది. 17 దగ్గర పుస్తకం మూసి ఆదివారం దాకా ఆగితే ఆ వేగం చచ్చిపోతుంది.

20 తర్వాత నవల రూపమే మారిపోతుంది. మనసులో నడిచిన భయం పోయి, చట్టం భయం మొదలవుతుంది. 22వ అధ్యాయంలో కరోనర్ విచారణ మన పాఠకులకు కొంచెం అయోమయంగా ఉంటుంది. అది కోర్టు కేసు కాదు, అక్కడ ముద్దాయి ఎవరూ ఉండరు. మనిషి ఎలా చనిపోయాడో తేల్చడమే ఇంగ్లండ్‌లో కరోనర్ పని. సాక్ష్యం విని నిర్ణయం ప్రకటిస్తారు. మన దగ్గర పోలీసులో, కొన్ని సందర్భాల్లో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో చేసే శవ పంచనామాకు అది కాస్త దగ్గర. కాకపోతే అక్కడ అందరి ముందూ జరుగుతుంది. ఇది గుర్తుంచుకుంటే, నిర్ణయం వచ్చేశాక కూడా ప్రమాదం ఎందుకు తొలగిపోలేదో అర్థమవుతుంది. 24వ అధ్యాయం నాకు ఎప్పుడూ బరువే. రెబెకా చుట్టం ఫావెల్ ఆరోపణలు చేసే ఘట్టమంతా ఒకే గదిలో, మాటల మీదే నడుస్తుంది. సగానికి తగ్గించినా నష్టం లేదు. చివరి మలుపుకు ముందస్తు ఆధారాలు కూడా పల్చగానే వేసింది రచయిత్రి. విందు మరునాడే ఓడ రావడం ఎంత కాదన్నా అవసరానికి తగ్గ యాదృచ్ఛికం. మతి సరిగా లేని బెన్‌ను చూపించిన తీరు 1930ల నాటి ఇంగ్లిషు పెద్దింటి చూపు. ఇప్పుడు చదివితే ఇబ్బందిగానే ఉంటుంది. ఆ బెన్ మాటల్ని మాత్రం తీసిపారేయకండి. తలా తోకా లేనట్టుండే ఆ ముక్కల్లో ఒక్కటీ వృథా కాదు.

రెండోసారి చదివేవాళ్లకు ఒక సూచన. కథ తెలిశాక మాక్సిమ్ మౌనాల మీద దృష్టి పెట్టండి. మాంటీకార్లోలో కొండ అంచున కారు ఆపినప్పుడు, సముద్రపు ఒడ్డున కుటీరం సంగతి ఎత్తినప్పుడు, విందు రాత్రి మెట్ల మీద భార్యను చూసినప్పుడు. మొదటిసారి ఈ మూడూ ఒక అర్థంతో వెళ్లిపోతాయి. రెండోసారి ఒక్క అక్షరం మారకుండా వేరే అర్థం ఇస్తాయి. రచయిత్రి ఎక్కడా అబద్ధం చెప్పలేదని, అమ్మాయి పొరపడుతుంటే మనం ఆమె వెంట నడిచామని అప్పుడు తెలుస్తుంది. ఇలా నిలబడే థ్రిల్లర్లు తక్కువ. చాలావాటిలో చివరి మలుపు తెలిశాక వెనక పేజీల్లో మోసం దొరికిపోతుంది.

సినిమా ముందు చూడొద్దు. హిచ్‌కాక్ 1940లో తీసిన చిత్రం ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది, బాగుంటుంది కూడా. కానీ అప్పటి హాలీవుడ్ సెన్సార్ నియమావళి వల్ల కథకు మూలమైన ఒక సంఘటనను మార్చేశారు. అది చూసి వచ్చినవాళ్లు 20వ అధ్యాయం దాకా తప్పు జవాబు చేతిలో పెట్టుకుని చదువుతారు. హిందీలో 1964లో వచ్చిన 'కోహ్రా' కూడా ఈ కథ మీద అల్లిందే. తెలుగు తెర మీద మొదలై అక్కడికి వెళ్లిన వహీదా రెహమాన్ అందులో నాయిక. అది దెయ్యం సినిమా వాతావరణంలో నడుస్తుంది. ఆ అంచనాతో నవల తెరిస్తే నిరాశే, పుస్తకంలో దెయ్యం లేదు.

ముందుమాటల విషయంలోనూ జాగ్రత్త. కొన్ని ప్రచురణల్లో విమర్శకులు రాసిన పరిచయం ముందే ఉంటుంది, పాఠకుడికి కథ తెలుసన్న ధీమాతో ముడి విప్పేసి మాట్లాడుతుంది. నేరుగా మొదటి అధ్యాయానికి వెళ్లి, అది చివర చదువుకోండి. కిండిల్‌లో అయితే నలుగురూ గీతలు గీసిన వాక్యాలను చూపించే పాపులర్ హైలైట్స్ సెట్టింగ్ ఆపేయండి. ఏ వాక్యం ముఖ్యమో ముందే చుక్కల గీత చెప్పేస్తే థ్రిల్లర్‌లో మిగిలేదేమీ ఉండదు. ఎంత శాతం అయిందో చూపే అంకె కూడా దాచేస్తే మేలు. ముడి విడిన చోట ఇంకా పావు వంతు పుస్తకం మిగిలి ఉందని కనిపిస్తే, మరో మలుపు ఉందని ఎవరైనా పసిగడతారు. కాగితపు ప్రతిలో ఈ బాధ తప్పదు, కుడి చేతిలో మందం తెలుస్తూనే ఉంటుంది.

ఆడియో మొదటిసారికి పనికిరాదు. ఊహ మొదలైన చోటు, ఊహ ఆగి నిజంలోకి వచ్చిన చోటు కళ్లతో వెనక్కి వెళ్లి పట్టుకోవాల్సినవి. చెవితో వింటే జారిపోతాయి. సంక్షిప్త ప్రతులు అసలు కొనొద్దు. అందులో ముందుగా కోత పడేవి రోడోడెండ్రాన్ పొదలు, సముద్రపు హోరు, భోజనాల వివరాలు. ఉత్కంఠను మోసేవి అవే. ఇంగ్లిషు నవలలు అంతగా అలవాటు లేనివాళ్లకు మొదటి అధ్యాయమే పుస్తకంలో కష్టమైనది. చెట్ల పేర్లు, పొడవాటి వాక్యాలు. డిక్షనరీ పట్టుకుని కూర్చోకుండా దాన్ని ఒక కలగా దాటేయండి, అది నిజంగా కలే. మూడో అధ్యాయం నుంచి భాష తేలికవుతుంది.

నెట్‌లో దొరికే ఉచిత పీడీఎఫ్‌ల గురించి కూడా ఒక ముక్క. రచయిత్రి 1989లో చనిపోయింది. మన దేశంలో కాపీరైట్ రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది కనుక 2049 చివరిదాకా హక్కులు ఉన్నట్టే. ఆ పీడీఎఫ్‌లు దొంగ ప్రతులు. పైగా స్కాన్ చేసిన వాటిలో పేరాలు కలిసిపోతుంటాయి, కొటేషన్ గుర్తులు ఎగిరిపోతుంటాయి. ఎవరు అన్న మాటో, ఎవరు అనుకున్న మాటో తేడా తెలియాల్సిన పుస్తకంలో కొటేషన్ గుర్తు పోవడం చిన్న లోపం కాదు. పాత పుస్తకాల దుకాణాల్లో ఈ నవల తరచుగానే కనిపిస్తుంది. కొనే ముందు 27వ అధ్యాయం చివరి ఆకు చిరగకుండా ఉందో లేదో చూసుకోండి. పుస్తకం అసలే కోసేసినట్టు ముగుస్తుంది కాబట్టి, ఆకు పోయినా పోయిందని తెలియదు.