‘లా నోవియా’: యాసిడ్ మదర్స్ టెంపుల్‌ను ఇక్కడి నుంచే మొదలుపెట్టండి

జపాన్ సైకెడెలిక్ (మనసును మత్తులో తేల్చే తరహా) రాక్ బృందమైన యాసిడ్ మదర్స్ టెంపుల్ విడుదల చేసిన ఆల్బమ్‌ల జాబితా చూస్తే కొత్త శ్రోతకు కళ్లు తిరుగుతాయి. గిటారిస్టు కవబాత మకోతో 1995లో ప్రారంభించిన ఈ బృందంలోకి సభ్యులు వస్తూ పోతూ ఉన్నారు. పేరుకు వేర్వేరు తోకలు తగిలించుకొని అదే గొడుగు కింద కొత్త జట్లు కూడా వెలిశాయి. ముందుగా ఏది కొనాలని అడిగేవారికి నేను 2000 నాటి ‘లా నోవియా’నే సూచిస్తాను.

1997లో పీఎస్ఎఫ్ రికార్డు సంస్థ తెచ్చిన తొలి ఆల్బమ్‌లో రొదదే రాజ్యం. మూడేళ్లు తిరిగేసరికి అదే బృందం ‘లా నోవియా’లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆక్సిటన్ జానపద గీతాన్ని ఒకదాన్ని తీసుకొని, సుమారు 40 నిమిషాల పాటు ఆలపించింది. మొదట గొంతులు ఒకదాని వెంట ఒకటి అల్లుకుంటాయి. కదలని స్వరమొకటి కచేరీలో తంబూరా శ్రుతిలాగా అడుగున పరచుకుంటుంది. ఆ తరువాతే గిటార్ తీరిగ్గా ప్రవేశించి, ఎక్కడ పెరిగిందో మనకు తెలియకుండానే పెరిగిపోతుంది. మధ్యభాగం కొంత బరువెక్కిన మాట నిజమే. దాన్ని కత్తిరించి ఉంటే మాత్రం ఆ చివరి విజృంభణకు ఇంత బలం వచ్చేది కాదు.

2004లో గాయని కాటన్ కసినో వైదొలగడం పెద్ద లోటే. కొద్దికాలానికే ఇద్దరు డ్రమ్మర్లతో ‘కాస్మిక్ ఇన్ఫర్నో’ జట్టు మొదలై, సంగీతం మరింత మొరటుగా, వేగంగా మారింది. ఆ తరువాత బాస్ వాయిస్తూ పాడే త్సుయామా అత్సుషి కూడా తప్పుకోగా, కవబాత, సింథసైజర్ వాయించే హిగాషి హిరోషి యువకులను చేర్చుకొని ముందుకు సాగారు. ఇన్ని మార్పుల్లోనూ ఒక చిన్న స్వరాల పలుకును పట్టుకొని, అది లొంగేదాకా వదలకుండా తిప్పే అలవాటు పోలేదు. ‘లా నోవియా’లో ఆ అలవాటే అత్యంత సౌమ్యంగా వినిపిస్తుంది.

ఇది నచ్చినవారు తరువాత ఈ బృందం చేసిన ‘ఇన్ సీ’ వినవచ్చు. అమెరికన్ స్వరకర్త టెరీ రైలీ 1964లో 53 చిన్న పలుకులతో కూర్చిన రచనను రాక్ వాద్యాలపై వాయించిన ఆల్బమ్ అది. (రైలీ ఆ తరువాత హిందుస్తానీ సంగీతంలోని కిరాణా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యారు, కాబట్టి మన చెవికి ఈ దారి మరీ కొత్తదేమీ కాదు.) రొదే కావాలనుకునేవారికి 2002 నాటి ‘ఎలక్ట్రిక్ హెవీల్యాండ్’ ఉంది, ఇయర్‌ఫోన్లు పెట్టుకొనేముందు వాల్యూమ్ తగ్గించుకోవడం మరవకండి.