హెచ్‌బీ100, డీటీహెచ్ ఎల్‌ఎన్‌బీ, ఆర్‌టీఎల్ డాంగిల్: మేడ మీద డిష్‌లను కొలిచిన అనుభవం

పది గిగాహెర్ట్జ్ ప్రాంతంలో డిష్ యాంటెన్నాలను పరీక్షించడానికి ప్రయోగశాల స్థాయి పరికరాలు కొనాలంటే లక్షల్లో మాట. వాటి బదులు నేను కొన్నేళ్లుగా వాడుతున్నవి మూడు: కదలికను పసిగట్టే సెన్సర్‌గా అమ్మే హెచ్‌బీ100 మాడ్యూల్, ఇళ్ల మీది డిష్‌లకు ముందు ఉండి, అందిన సిగ్నల్‌ను పెంచి తక్కువ పౌనఃపున్యానికి దించే యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ, కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్ అయిన ఆర్‌టీఎల్ డాంగిల్. హెచ్‌బీ100 ఐదు వోల్టులతోనే 10.525 గిగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ ఇస్తుంది. ఎల్‌ఎన్‌బీ అందులోంచి తన లోపల పుట్టే 9.75 గిగాహెర్ట్జ్‌ను తీసివేసి, డాంగిల్ సులువుగా అందుకునే 775 మెగాహెర్ట్జ్‌కు దించుతుంది. ఎల్‌ఎన్‌బీ పరిధి 10.7 గిగాహెర్ట్జ్ నుంచి మొదలవుతుందని రాసి ఉన్నా, ఆ కాస్త దిగువన కూడా చక్కగానే పనిచేస్తుంది. కేబుల్ గుండానే కరెంటు పంపే, డాంగిల్ లోపలి బయాస్ టీ ఇచ్చే వోల్టేజి మాత్రం దానికి చాలదు. విడిగా ఒకటి పెట్టి 12, 13 వోల్టులు పంపాలి.

ఈ సరంజామా పోలికలకు నమ్మదగినది, అసలు గెయిన్ (డిష్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) ఎంతో తేల్చడానికి కాదు. ఎల్‌ఎన్‌బీని క్లాంపులో వేలెడు ముందుకో వెనక్కో జరిపినప్పుడు, సొట్టపడిన పాత డిష్‌ను కొత్తదాని పక్కన నిలిపినప్పుడు కనిపించే తేడాను నేను నిస్సంకోచంగా నమ్ముతాను.

అయితే ఒక షరతు ఉంది. ముప్పై మీటర్ల దూరంలో ఉన్నా హెచ్‌బీ100 సిగ్నల్ 60 సెంటీమీటర్ల డిష్‌కు మరీ ఎక్కువ. ఎల్‌ఎన్‌బీయే ఉక్కిరిబిక్కిరై, డిష్‌ను ఒక డిగ్రీ తిప్పినా రీడింగు కదలదు. డాంగిల్ ముందు సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ పెట్టడం ఇందుకు మందు కాదు, ఎందుకంటే నష్టం అంతకు ముందే జరిగిపోయింది. సిగ్నల్‌ను పుట్టినచోటే తగ్గించాలి: మాడ్యూల్‌ను చిన్న కన్నం చేసిన బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి మూత బిగించడం నాకు బాగా కుదిరింది. దూరాన్ని రెట్టింపు చేస్తే రీడింగు ఇంచుమించు 6 డెసిబెల్స్ (అంటే శక్తి నాలుగో వంతుకు) తగ్గాలి. అంతకంటే బాగా తక్కువ తగ్గితే ఎల్‌ఎన్‌బీ ఇంకా ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టే. డాంగిల్‌లో సిగ్నల్‌ను బట్టి పెంపును తనంతట తానే మార్చే ఆటోమేటిక్ గెయిన్‌ను ఆపకుండా తీసిన రీడింగులకు విలువే లేదు.

సిగ్నల్ తరంగం డిష్ అంతటా దాదాపు చదునుగా చేరాలంటే 60 సెంటీమీటర్ల డిష్‌కు కనీసం 25 మీటర్ల దూరం కావాలి, 90 సెంటీమీటర్లదానికి 57 మీటర్లు. ఇంత దూరం ఒకే మేడ మీద దొరకదు కాబట్టి, పొరుగువారి అనుమతితో మాడ్యూల్‌ను వారి నీళ్ల ట్యాంకు మీద పెట్టాల్సి వస్తుంది. ఆఫ్‌సెట్ డిష్ (ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాక కిందివైపు ఉండే మామూలు టీవీ డిష్) ఎదురుగా ఉన్న మేడను చూడాలంటే ముఖం నేలకేసి వాల్చి నిలబడాలి. చూసేవారికి అది పడిపోతున్నట్టే ఉంటుంది.

వీటన్నిటికంటే నాకు నచ్చిన సిగ్నల్ సోర్సు సూర్యుడు. ఖర్చు లేదు, దూరం చింత లేదు. డిష్‌ను మొదట ఖాళీ ఆకాశానికి, తర్వాత సూర్యుడికి గురిపెట్టి నాయిస్ (రేడియో రొద) ఎంత పెరిగిందో చూడాలి. లెక్కలో ఇక్కడే మెలిక ఉంది. ఉదాహరణకు 60 సెంటీమీటర్ల డిష్‌కు 4.3, 90 సెంటీమీటర్లదానికి 6.8 డెసిబెల్స్ పెరుగుదల వచ్చిందనుకుందాం. వాటి మధ్య తేడా 2.5 డెసిబెల్సే అనుకుంటే పెద్ద డిష్‌కు అన్యాయం చేసినట్టే. రెండింటినీ డెసిబెల్స్ నుంచి మామూలు నిష్పత్తిలోకి మార్చి, చెరొకదానిలోంచి ఖాళీ ఆకాశం నాటి నాయిస్ వాటా అయిన ఒకటిని తీసివేసి పోల్చాలి, అప్పుడు 3.5 డెసిబెల్స్ వస్తుంది, అది రెండు డిష్‌ల వైశాల్యాల తేడాకు సరిగ్గా సరిపోతుంది. సూర్యుడి తీవ్రత రోజురోజుకూ మారుతుంది కనుక రెండు కొలతలూ ఒకే పూట, ఒకే ఎల్‌ఎన్‌బీతో తీయాలి. ఆ పూట మబ్బు ఉండకూడదు.

ఎండలో హెచ్‌బీ100 పౌనఃపున్యం పక్కకు జారుతూ ఉంటుంది. నీడలో పెడితే సరిపోతుంది. సూది ఊగే చౌక శాటిలైట్ ఫైండర్ టీవీ డిష్‌ను గురి చూడటానికే తప్ప కొలతకు పనికిరాదు. డిష్ గురిపెట్టిన దిశలోని ప్రధాన బీమ్‌కు 25 డెసిబెల్స్ దిగువన, పక్క దిశల్లో ఉండే సైడ్ లోబ్‌ల విషయంలో నా మేడ మీది రీడింగులను నేనే నమ్మను. అక్కడ కనిపించేదాంట్లో చాలా భాగం పిట్టగోడలు, ట్యాంకులు తిప్పికొట్టిన సిగ్నలే.