బడి పడని పిల్లవాడికి ఫారెస్ట్ స్కూల్: మూడేళ్లు పంపించాక

ఇంగ్లండ్‌లో మా చుట్టుపక్కల ఉండే తెలుగు తల్లిదండ్రుల్లో ఎవరి పిల్లలకైనా బడి దగ్గర ఇబ్బంది వస్తే, నన్ను ముందుగా అడిగేది ఫారెస్ట్ స్కూల్ గురించే, అంటే పిల్లలు క్రమం తప్పకుండా అడవిలో గడుపుతూ చేతిపనులతో నేర్చుకునే పద్ధతి. మా అబ్బాయిని ఏడో ఏట చేర్చాం. ఇప్పుడు వాడికి పది దాటింది. చాలాకాలం వారానికి ఒక పూట, మధ్యలో కొన్నాళ్లు రెండు పూటలు వెళ్లాడు. బాగుందా అంటే బాగుంది. పెట్టిన డబ్బుకు ఫలితం దక్కిందా అంటే దక్కింది. అయితే దాని వల్ల ఏది వస్తుందో, ఏది రాదో తెలుసుకోకుండా చేర్చినవాళ్లు రెండు నెలలకే విసిగిపోయి మాన్పించడం కూడా చూశాను.

మా వాడికి ఆటిజం ఉంది, అక్షరాలతో కుస్తీ కూడా. ఒకటో తరగతికి ముందుండే రిసెప్షన్ క్లాసు ఆటపాటలతో గడిచిపోయింది. రెండో తరగతికి వచ్చేసరికి భోజనాల హాల్లో రొద, కుర్చీలు లాగిన కీచు చప్పుడు, ఒక పనిలో మనసు కుదిరేలోపే ఇంకో పనికి లేవమనడం తట్టుకోలేకపోయాడు. బల్ల కిందికి దూరి కూర్చునేవాడు. ఆదివారం సాయంత్రం నుంచే కడుపునొప్పి మొదలయ్యేది. ఒకరోజు కత్తెర విసిరాడని మధ్యాహ్నమే ఇంటికి పంపించారు. అప్పుడు బడిలో ప్రత్యేక అవసరాల పిల్లల బాగోగులు చూసే సెంకో ఫారెస్ట్ స్కూల్ మాట ఎత్తారు. కత్తెర విసిరాడని ఇంటికి పంపిన పిల్లవాడికి అక్కడ కత్తి చేతికిస్తారని ఆవిడే నవ్వుతూ చెప్పారు. మాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ పద్ధతి ఇక్కడ పుట్టింది కాదు. 1993లో సోమర్‌సెట్‌లోని బ్రిడ్జ్‌వాటర్ కాలేజీలో శిశు సంరక్షణ విభాగం వాళ్లు డెన్మార్క్ వెళ్లారు. అక్కడి చిన్నపిల్లలు ఎండావానా అనకుండా ఆరుబయటే గడపడం చూసి వచ్చి, తమ దగ్గరా మొదలుపెట్టారు. 2012లో ఫారెస్ట్ స్కూల్ అసోసియేషన్ ఏర్పడింది. వాళ్లు పెట్టుకున్న ఆరు సూత్రాలు చదివితే ఇది పిక్నిక్ వ్యవహారం కాదని అర్థమవుతుంది: ఒకే చోటికి మళ్లీ మళ్లీ, ఏడాది పొడవునా వెళ్లాలి, పిల్లవాడి ఆసక్తిని బట్టి పని నడవాలి, వయసుకు తగిన అపాయాన్ని ఎదుర్కొనే అవకాశం ఉండాలి, నడిపేవారికి కనీసం లెవెల్ 3 ఫారెస్ట్ స్కూల్ అర్హత ఉండాలి. చిక్కేమిటంటే ఆ పేరుకు చట్టపరమైన రక్షణ లేదు. పెరట్లో నాలుగు దుంగలు వేసి ఎవరైనా ఆ బోర్డు తగిలించుకోవచ్చు.

మేము వెళ్లే అడవి పెద్దదేమీ కాదు. ఓక్, యాష్, హేజెల్ చెట్లు, మధ్యలో దుంగలు గుండ్రంగా పేర్చిన నెగడు, పైన టార్పాలిన్, కాస్త దూరంలో రంపపు పొట్టు వేసే కంపోస్టు మరుగుదొడ్డి. ఎనిమిది మంది పిల్లలకు ముగ్గురు పెద్దలు. వారిలో లీడర్ ఒకప్పుడు ప్రాథమిక పాఠశాలలో టీచరు. పిల్లలంతా ఆవిడను పేరు పెట్టే పిలుస్తారు. నరసరావుపేటలో ఉన్న మా అమ్మకు ఈ మొత్తం కథలో మింగుడుపడనిది అదొక్కటే. అడవికి ఫీజు కట్టడమూ మొదట్లో మింగుడుపడలేదు గానీ, దానికి తర్వాత సర్దుకుంది.

మొదటి టర్ములో సగం దాకా మా వాడు నెగడు దగ్గరికే రాలేదు. ఓక్ చెట్టు వెనక నిలబడి బెరడు గిల్లుతూ ఉండేవాడు. లీడర్ రమ్మని పిలవలేదు, బుజ్జగించలేదు, పట్టించుకోకుండానూ ఉండలేదు. వేడి చాక్లెట్ కప్పును ప్రతిసారీ ఆ చెట్టుకు కొంచెం ఇవతల ఒక మొద్దు మీద పెట్టి వెళ్లిపోయేది. ఆ మొద్దు వారం వారం నెగడు వైపు జరుగుతోందని నేను చాలా ఆలస్యంగా గమనించాను. చలికాలం సెలవుల ముందు ఒకనాడు వాడు తనంతట తాను వచ్చి దుంగ మీద కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే మళ్లీ చెట్టు వెనక్కే పోయేవాడు. బడిలో ఇంత నిదానం కుదరదు. ముప్పై మందిని పెట్టుకున్న టీచరును దానికి తప్పుపట్టలేం.

ఇక పనిముట్ల సంగతి. మొదట ఇచ్చేది బంగాళాదుంపల తొక్క తీసే పీలరు. దానితో హేజెల్ కొమ్మ బెరడు తీయాలి. కొమ్మ పట్టుకున్న చేతికి గ్లవ్ ఉంటుంది, పనిముట్టు పట్టుకున్న చేతికి ఉండదు, పట్టు జారకుండా. చేయి చాచి చుట్టూ తిప్పినా ఎవరికీ తగలనంత జాగా ఉంటేనే పని మొదలుపెట్టాలి. ఆ తర్వాత రంపం. విల్లులా వంగిన పిడి ఉన్న పెద్ద రంపానికి ఒక చివర పిల్లవాడు, రెండో చివర పెద్దవాళ్లు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు తమ వైపు లాగాలి, నెట్టకూడదు. నెట్టితే బ్లేడు వంగి కొమ్మలో బిగుసుకుంటుంది. మా వాడు మొదటిరోజు నెట్టాడు, బిగుసుకుంది, అరిచాడు. లీడర్ బ్లేడు సరిచేసి మళ్లీ పట్టుకుంది. కాసేపటికి లయ దొరికింది. నువ్వొకసారి, నేనొకసారి అని బడిలో రంగురంగుల చార్టులు పెట్టి రెండేళ్లు నేర్పినా పట్టుబడని సంగతి రంపం ఒక్క మధ్యాహ్నంలో నేర్పింది. వంతు తప్పితే టీచరు కోప్పడటం వేరు, కొమ్మ తెగకపోవడం వేరు. మా వాడికి రెండోదే అర్థమవుతుంది.

ఎల్డర్ కొమ్మతో పూసలు చేయడం వాడికి బాగా నచ్చిన పని. ఆ కొమ్మ లోపల తెల్లటి మెత్తని బెండు ఉంటుంది. వేలెడు ముక్కలుగా కోసి, టెంటు మేకుతో బెండును నెట్టేస్తే రంధ్రం తయారు. బెండు పూర్తిగా బయటికి వచ్చేటప్పుడు పుక్కుమని చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు కోసమే వాడు గంటన్నర కదలకుండా కూర్చోగలడు. తరగతిలో వీడికి ఏకాగ్రత నాలుగు నిమిషాలని రిపోర్టులో రాశారు.

ఏడాది తిరిగేసరికి ఆదివారపు కడుపునొప్పులు తగ్గాయి. బడికి వెళ్లే రోజులు పెరిగాయి. సాయం కావాలంటే నోరు తెరిచి అడగడం వచ్చింది. 2007లో బ్రిటన్ ప్రభుత్వ అటవీ పరిశోధన సంస్థ ఫారెస్ట్ రీసెర్చ్ వాళ్లు ప్రచురించిన అధ్యయనంలోనూ ఇలాంటి మార్పులే కనిపించాయి: ఆత్మవిశ్వాసం, కలివిడితనం, మాట, పని మీద మనసు పెట్టడం. అది కొద్దిమంది పిల్లల మీద చేసిన అధ్యయనం. దాన్ని చూపించి అడవికి వెళితే అన్నీ సర్దుకుంటాయనేవాళ్లను నమ్మకండి. మా వాడి చదవడం, రాయడం అడవి వల్ల వీసమెత్తు కూడా మెరుగుపడలేదు. దానికి డిస్లెక్సియా పిల్లలకు బోధించే టీచరును విడిగా పెట్టాల్సి వచ్చింది. అడవి చేసిందల్లా ఆ టీచరు ముందు కూర్చునే ఓపిక ఇవ్వడం. నా లెక్కలో అది చిన్న విషయం కాదు.

మధ్యలో మేము ఇల్లు మారినప్పుడు కొంతకాలం వేరే చోటికి పంపించాం. అక్కడి అడవి ఇంకా అందంగా ఉండేది, ఏప్రిల్ చివర బ్లూబెల్ పూలు నేలంతా నీలంగా పరుచుకునేవి. ఫీజూ తక్కువే. కానీ వారానికొక కొత్త మనిషి. పిల్లలూ మారిపోతుండేవారు. ఆరు వారాలకో బ్యాచ్ అన్న లెక్కన నడిపేవారు. మా వాడు మళ్లీ చెట్టు వెనక్కి చేరాడు. దూరమైనా సరేనని పాత చోటికే తిరిగి తీసుకెళ్లాం. అందుకే ఎవరు అడిగినా చెట్ల గురించి కాక ముందు మనుషుల గురించి చెబుతాను: నడిపే మనిషి ఎన్నేళ్ల నుంచి అక్కడే ఉన్నారు, పిల్లవాడు ఎంతకాలం ఉండవచ్చు, గుంపు మారుతుందా. ఇవి తేలాక పాలసీ పత్రాలు అడగండి. గాలి ఎంత వేగం దాటితే సెషన్ రద్దు చేస్తారో టక్కున చెప్పలేని చోట పిల్లల్ని వదలవద్దు. 2012లో బ్రిటన్‌లో బయటపడ్డ యాష్ చెట్ల తెగులు వల్ల ఎండిపోయిన చెట్లు ఇప్పుడు చాలా అడవుల్లో ఉన్నాయి. కొమ్మలు చెప్పాపెట్టకుండా విరిగిపడతాయి. మా అడవిలో ఒక మూలను ఆ కారణంగానే తాడు కట్టి మూసేశారు.

నచ్చనివీ ఉన్నాయి. గాలికి సెషన్ రద్దయితే డబ్బు వెనక్కి రాదు. రద్దయిందన్న కబురు ఉదయం ఏడింటికి వస్తుంది, మార్పును తట్టుకోలేని పిల్లవాడికి ఆ రోజంతా నరకమే. జనవరి, ఫిబ్రవరి నెలలు నిజంగా కష్టం. తడిసిన గ్లవ్ చేతికి తగిలితే మా వాడు ఏడ్చేవాడు. మూడు జతలు సంచిలో పెట్టి పంపడం ఒక్కటే దారి. బట్టల ఖర్చు ముందే వేసుకోండి: వానకోటు, భుజాల దాకా ఉండే వాటర్‌ప్రూఫ్ డంగరీలు, ఉన్ని మేజోళ్లు, రబ్బరు బూట్లు, అన్నీ ఏటేటా పొట్టివైపోతాయి. వేసవిలో పిడుదులు పడతాయి. ఇంటికి రాగానే చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక చూడాలి. ఇక్కడి పిడుదుల్లో కొన్ని లైమ్ జబ్బు తెస్తాయి. నెగడు మీద కాల్చి ఇచ్చే మార్ష్‌మాలో మిఠాయిల్లో సాధారణంగా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. శాకాహారులు ముందే చెప్పాలి. మేము ఆకులు వలవని మొక్కజొన్న కంకులు పంపించడం మొదలుపెట్టాం. ఇప్పుడు పిల్లలంతా అవే అడుగుతున్నారట.

డబ్బు, కాగితాలు ఇంతకంటే చిరాకు. గుంపులో పంపితే పూటకు మాకు 40 పౌండ్ల దాకా పడింది. పిల్లవాడికి విడిగా ఒక మనిషి కావాలంటే దానికి ఎన్నో రెట్లు. బడి వేళల్లో పంపాలంటే హెడ్ టీచరు ఒప్పుకోవాలి, హాజరు పట్టీలో ఏ కోడ్ వేస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. అనుమతి లేని గైర్హాజరు కింద రాస్తే జరిమానా పడుతుంది. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లో అది పిల్లవాడికి తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికి 160 పౌండ్లు, 21 రోజుల్లో కడితే 80.

ఖర్చు స్థానిక కౌన్సిల్ భరించాలంటే ఈహెచ్‌సీ ప్లాను దారి పట్టాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి చదువు, ఆరోగ్యం, సంరక్షణల్లో ఏ సాయం అందాలో కౌన్సిల్ రాసిచ్చే చట్టబద్ధ పత్రం అది. 2014 నాటి పిల్లలు, కుటుంబాల చట్టం కింద తల్లిదండ్రులే నేరుగా కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, బడి పెట్టే దాకా ఆగనక్కరలేదు. మదింపు చేస్తారో లేదో 6 వారాల్లో చెప్పాలి, ప్లాను ఇచ్చేట్లయితే మొత్తం 20 వారాల్లో ఇవ్వాలి. మాకు ఏడాది దాటింది. ప్లాను వచ్చాక సెక్షన్ ఎఫ్ ఒక్కటీ వేయి కళ్లతో చదవండి. పిల్లవాడికి ఏ సాయం అందాలో రాసేది అందులోనే. “ఆరుబయట కార్యక్రమాల అవకాశం కల్పించవచ్చు” అని మాకు మొదట రాశారు. ఆ వాక్యానికి విలువ సున్నా. వారానికి ఎన్ని గంటలు, ఏ అర్హత ఉన్నవారు, ఎంతమంది గుంపులో అని అంకెలతో సహా రాయించుకునే దాకా మేము సంతకం మాట ఎత్తలేదు.

వీసా మీద ఉన్న మనవాళ్లు ఈ దరఖాస్తుకు భయపడుతుంటారు. చాలా వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ సాయాలను పబ్లిక్ ఫండ్స్ అంటారు. బడి చదువూ, ఈ ప్లానూ ఆ లెక్కలోకి రావు. వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చే డిజబిలిటీ లివింగ్ అలవెన్స్ అనే భృతి మాత్రం ఆ లెక్కలోకి వస్తుంది. ఈ రెండింటినీ కలిపేసుకుని హక్కుగా రావలసినదాన్ని వదిలేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ పడి వదిలేసినవాళ్లూ తెలుసు. వాళ్లతో వాదించే ఓపిక నాకు పోయింది.

గదిలో పదిమంది ఉంటే ఉక్కిరిబిక్కిరయ్యే పిల్లలకు, చేతులతో పని చేస్తే తప్ప నేర్చుకోలేని పిల్లలకు నేను దీన్ని కళ్లు మూసుకుని సిఫార్సు చేస్తాను. చెప్పాపెట్టకుండా పరుగెత్తి పారిపోయే అలవాటున్న పిల్లలకైతే విడిగా మనిషి లేకుండా వద్దు, అడవికి ప్రహరీ గోడ ఉండదు. బురద, తడి అంటే బొత్తిగా పడని పిల్లలకు పొలాల్లో పశువులతో పని చేయించే కేర్ ఫామ్‌లు ఉంటాయి, ముందు వాటిని చూడండి.

మా చోట పదకొండేళ్లు దాటిన పిల్లలకు సెషన్లు లేవు. వచ్చే సెప్టెంబరులో మా వాడు సెకండరీకి వెళతాడు. అలా మారే పిల్లల ప్లానును ఆ సంవత్సరం ఫిబ్రవరి 15 లోపు సవరించి ఇవ్వాలని నిబంధన. మీ పిల్లలు అయిదో తరగతిలో ఉంటే ఆ ఏడాది సమీక్షలోనే సెకండరీ తర్వాత ఈ పూటలు ఎక్కడ, ఎవరి దగ్గర అని అడగడం మొదలుపెట్టండి. మేము అడిగిన మూడు చోట్లలో రెండింటికి వెయిటింగ్ లిస్టు ఉంది, మూడోది ఇంకా జవాబివ్వలేదు.