సీఎన్ఎంజీ 120408 ఇన్సర్ట్: ఏళ్ల తరబడి వాడాక

లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ కోసే యంత్రం) మీద ఏ టిప్‌తో (ఇన్సర్ట్ అన్నా ఇదే, మార్చుకోగలిగే చిన్న కార్బైడ్ కోత ముక్క) మొదలుపెట్టాలని ఎవరు అడిగినా నేను సీఎన్ఎంజీ 120408 పేరే చెబుతాను. ఏళ్లుగా స్టీల్ షాఫ్టులు, ఫ్లాంజ్‌లు, కాస్ట్ ఐరన్ పుల్లీలు ఎక్కువగా దీంతోనే తిప్పుతున్నాను. దీని మీద నాకు గట్టి గురి. అయినా ప్రతి పనికీ ఇదే చాలని మాత్రం అనను.

ఆ పేరు చదవడం వస్తే సగం టెన్షన్ పోతుంది. సీ అంటే 80 డిగ్రీల మూల. ఎన్ అంటే క్లియరెన్స్ కోణం (అంచు కింది పక్క లోపలికి వాలే కోణం) సున్నా, కాబట్టి తిరగేసి కూడా వాడుకోవచ్చు. ఎం టాలరెన్స్‌ది (కొలతల్లో ఎంత తేడా ఉండొచ్చో). జీ అంటే మధ్యలో రంధ్రం, రెండు ముఖాల మీదా చిప్ బ్రేకర్ (కోసిన లోహపు పోగుని, అంటే చిప్‌ని, తుంచే గాడి). 12 అంచు పొడవు, 04 మందం (నిజానికి 4.76 మి.మీ.), 08 అంటే నోస్ రేడియస్ (మూల గుండ్రదనం) 0.8 మి.మీ. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు మూలలు పనికొస్తాయి. ఖర్చు లెక్కలో దీన్ని మించింది దొరకడం కష్టం.

బ్రాండు గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు గానీ, నా అనుభవంలో అంతకంటే తేడా చూపించేది చిప్ బ్రేకర్. కోడ్ ఒకటే అయినా రఫింగ్ (ముందు ఎక్కువ లోహం తీసే కోత) బ్రేకర్ వేరు, ఫినిషింగ్ (చివరి సన్నటి కోత) బ్రేకర్ వేరు. రఫింగ్ టిప్‌తో అర మిల్లీమీటర్ డెప్త్ (కోత లోతు), 0.1 ఫీడ్ (ఒక్కో రౌండ్‌కి టిప్ జరిగే దూరం, మి.మీ.లో) పెట్టి చూడండి, చిప్ తెగదు. రిబ్బన్‌లా సాగి జాబ్‌కీ (మనం కోసే ముక్క), చక్‌కీ (దాన్ని పట్టి తిప్పే భాగం) చుట్టుకుంటుంది, ఫినిషింగ్ మీద గీతలు పెడుతుంది. అదే టిప్‌కి 2 మి.మీ. డెప్త్, 0.3 ఫీడ్ ఇస్తే చిప్ తొమ్మిది అంకెలా వంగి పుటుక్కున తెగి ట్రేలో పడుతుంది. టిప్ ఏ డెప్త్‌కి, ఏ ఫీడ్‌కి చేశారో డబ్బా మీదే ఉంటుంది. కొనేటప్పుడు నేను ముందు చూసేది అదే. (చుట్టుకున్న చిప్‌ని గ్లవ్స్ ఉన్నా సరే చేత్తో లాగకండి. మెషిన్ ఆపి, కొక్కెంతో తీయండి.)

సన్నటి పొడవాటి షాఫ్టు దగ్గర మాత్రం ఇది నచ్చదు. 0.8 రేడియస్‌తో 0.2 డెప్త్ తీస్తే కోయడం కన్నా జాబ్‌ని పక్కకి నెట్టడమే ఎక్కువ. చాటరింగ్ (కోసేటప్పుడు అదరడం) మొదలవుతుంది, రెండు చివర్లా పట్టిన షాఫ్టు మధ్యలో లావుగా మిగులుతుంది. అక్కడ సీసీఎంటీ 09టీ304కి మారతాను. 7 డిగ్రీల క్లియరెన్స్, 0.4 రేడియస్, తేలిగ్గా కోస్తుంది. మూలలు రెండే, అయినా పర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: 0.2 ఫీడ్‌కి 0.8 రేడియస్ వదిలే గీతల ఎత్తు లెక్క ప్రకారం సుమారు 6 మైక్రాన్లు, 0.4తో అది 12 దాటుతుంది. రేడియస్ తగ్గిస్తే ఫీడ్ కూడా తగ్గించాల్సిందే.

గ్రేడ్ (టిప్ పదార్థం, కోటింగ్ రకం) విషయానికొస్తే, డబ్బా మీద నీలం రంగు స్టీల్‌కి, పసుపు స్టెయిన్‌లెస్‌కి, ఎరుపు కాస్ట్ ఐరన్‌కి, ఆకుపచ్చ అల్యూమినియం లాంటి వాటికి. స్టీల్ గ్రేడ్లలో పీ10 అరుగుదలని తట్టుకుంటుంది, పీ40 దెబ్బని తట్టుకుంటుంది. కీ వే (పొడుగునా కోసిన గాడి) ఉన్న షాఫ్టు తిప్పేటప్పుడు ప్రతి రౌండ్‌కీ దెబ్బ తగులుతుంది కాబట్టి పీ40 వైపు జరగడమే మంచిది. అల్యూమినియంకి కోటింగ్ లేని, పాలిష్ చేసిన టిప్ వాడండి, లోహం అంచుకి అంటుకోవడం బాగా తగ్గుతుంది.

టిప్ త్వరగా అరిగిపోతోందంటే చాలామంది ముందు ఫీడ్ తగ్గిస్తారు. నేను స్పీడ్ తగ్గిస్తాను. స్పీడ్‌కీ టిప్ ఆయుష్షుకీ ఉన్న సంబంధం మీద ఎఫ్.డబ్ల్యూ. టేలర్ అనే ఇంజినీర్ 1907లో ఇచ్చిన సూత్రంలో కార్బైడ్‌కి సాధారణంగా తీసుకునే 0.25 ఘాతాంకం వేస్తే, స్పీడ్ రెట్టింపైనప్పుడు టిప్ ఆయుష్షు పదహారో వంతుకి పడిపోతుంది. ఫీడ్ దెబ్బ అంత ఉండదు. 50 మి.మీ. వ్యాసం ఉన్న జాబ్‌కి కోత స్పీడ్ నిమిషానికి 200 మీటర్లంటే దాదాపు 1270 ఆర్పీఎం. అక్కడ 1000కి దించినా తేడా తెలుస్తుంది. భూతద్దంతో చూస్తే మూల కింద మెరిసే పట్టీ కనిపిస్తుంది, అది 0.3 మి.మీ.కి వచ్చిందంటే టిప్‌ని కొత్త మూలకి తిప్పేయాలి. తిప్పేముందు సీటింగ్ (హోల్డర్లో టిప్ కూర్చునే చోటు) శుభ్రంగా తుడవాలి. కింద చిన్న చిప్ ముక్క ఉన్నా టిప్ సరిగ్గా కూర్చోదు, లోడ్ పడగానే విరుగుతుంది.

ఇంత చెప్పినా హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు నా డ్రాయర్లో ఎప్పుడూ ఉంటాయి. సుమారు 600 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి, స్పీడ్ ఇవ్వలేం. కానీ ఫార్మ్ టూల్ (జాబ్ మీద రావలసిన ఆకారమే అంచుకి ఉన్న టూల్) కావాలంటే గ్రైండర్ దగ్గర నిలబడి కావలసిన ఆకారం తెచ్చుకోవచ్చు. ఆ పనికి ఇన్సర్ట్ కోసం వెతకను.