గిండీ పేటెంట్ సంస్థ సేవలు: మా మిషన్‌కు వచ్చిన లాభమెంత?

చెన్నైలో గిండీ ప్రాంతంలో ఉన్న ఒక పేటెంట్ ఏజెంట్ల సంస్థ సేవలను మేము ప్రొవిజనల్ దరఖాస్తు (తేదీని ఖాయం చేసుకోవడానికి వేసే తొలి దరఖాస్తు) నుంచి పేటెంట్ మంజూరు వరకు, ఆ తర్వాత దానిని మరొక తయారీదారుకు లైసెన్సుకు ఇచ్చేవరకు వాడుకున్నాము. మెచ్చుకోదగిన వాటితో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు. పేరు లేకపోయినా ఈ సమీక్షకు లోటు ఉండదనుకుంటాను, ఎందుకంటే ఈ రంగంలోని సంస్థలన్నీ దాదాపు ఇవే సేవలను ఇవే పేర్లతో అమ్ముతాయి. వాటిలో ఏది వ్యాపారానికి డబ్బు తెస్తుంది, ఏది బీరువాలో పెట్టుకునే ఫైలుగా మిగులుతుంది అన్నది చిన్న పరిశ్రమ నడిపేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం.

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో నేనూ మా తమ్ముడూ కలిసి పొడులు నింపే మిషన్లు తయారుచేస్తాము. మా కొనుగోలుదారుల్లో ఎక్కువమంది గుంటూరు, ఖమ్మం కారం మిల్లులవారు, కొందరు విరుదునగర్ మసాలా వ్యాపారులు. ఈ మిషన్లలో గరాటు లోపల స్క్రూ తిరిగి, కావలసిన తూకం మేరకు పొడిని పౌచ్‌లోకి దింపి ఆగుతుంది. స్క్రూ ఆగినా దాని చివరి మరలో మిగిలిన చిటికెడు కారం ఒక క్షణం ఆలస్యంగా జారి, సరిగ్గా సీలు పడవలసిన చోట పౌచ్ మూతి లోపలి అంచుకు అంటుకుంటుంది. వేడి దవడలు దాని మీదే మూసుకోవడంతో అతుకు పైకి బాగానే కనిపించినా గోడౌన్‌లో తేమ పట్టి, ప్యాకెట్లు గడ్డకట్టి తిరిగి వస్తాయి. గరాటు అడుగున స్క్రూ ఆగిన క్షణమే మూసుకునే సిలికాన్ బిళ్ల ఒకటి అమర్చి మేము ఈ ఇబ్బందిని తొలగించాము. పేటెంట్ కోరింది దీనికే.

మొదటి సమావేశంలో సంస్థ తరఫున కూర్చున్నది చిత్తూరు జిల్లాకు చెందిన యువ ఏజెంటు. మా డ్రాయింగులు తెరవకముందే అతను అడిగిన ప్రశ్న, "మేడమ్, ఈ మిషన్ నడుస్తున్న వీడియో ఎవరికైనా వాట్సాప్‌లో పంపారా?" అని. పంపలేదని చెప్పాక, నందంబాక్కంలో జరిగే ఆక్మీ యంత్ర ప్రదర్శనలో స్టాల్ తీసుకునే ఆలోచన ఉందని విని, ప్రొవిజనల్ దరఖాస్తు వేసేదాకా మిషన్‌ను బయట పెట్టవద్దని పట్టుబట్టాడు. దరఖాస్తుకు ముందే బహిరంగమైన ఆవిష్కరణ కొత్తదనాన్ని కోల్పోతుంది. 12 నెలల మినహాయింపు ఉన్నది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనల వంటి కొద్ది సందర్భాలకే. స్టాల్ పెట్టి ఆర్డర్లు తెచ్చుకున్న తర్వాత పేటెంట్ గురించి ఆలోచించే చిన్న తయారీదారులు మన ఎస్టేట్‌లో ఎంతమందో ఉన్నారు కాబట్టి, ఈ ఒక్క జాగ్రత్తకే సంస్థకు మంచి మార్కులు వేస్తాను.

పేటెంట్‌లో మా హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలైన క్లెయిములను రాసిన తీరు మొత్తం సేవలోకెల్లా విలువైనది. మేము ఇచ్చిన నమూనాలో బిళ్లను మూసేది గాలి సిలిండర్. మొదటి ముసాయిదాలోని ప్రధాన క్లెయిములో ఆ సిలిండర్ కూడా చేరింది. సంస్థలోని సీనియర్ ఏజెంటు దాన్ని చూసి, పోటీదారుడు సిలిండర్ తీసేసి సోలెనాయిడ్ (కరెంటుతో కదిలే అయస్కాంత మీట) పెట్టుకుంటే మీరు ఏం చేస్తారని అడిగి, స్క్రూ ఆగడానికీ బిళ్ల మూసుకోవడానికీ మధ్య ఉండే సమయ సంబంధాన్ని మాత్రమే ప్రధాన క్లెయిములో ఉంచి, సిలిండర్‌ను దాని మీద ఆధారపడే మరో క్లెయిముకు దించారు. అంతకంటే మించిన సలహా ఆ తర్వాత వచ్చింది. ఆ బిళ్ల కారం రాపిడికి అరిగిపోతుందని, దానిని ఎన్నాళ్లకొకసారి మారుస్తారని, ఎవరి దగ్గర కొంటారని ఆయన వరుసగా అడిగారు. మిషన్‌ను ఒకసారే అమ్ముతాము కానీ బిళ్లను ఏళ్ల తరబడి అమ్ముతాము, నకలు తయారయ్యేదీ మొదట బిళ్లకే. అందువల్ల అంచు వాలు, మధ్య చీలిక ఆకారంతో సహా బిళ్లకే విడిగా ఒక స్వతంత్ర క్లెయిము రాశారు. లాభం ఎక్కడ పుడుతుందో కనుక్కుని అక్కడ కంచె వేయడమంటే ఇదే. క్లెయిములు పది దాటితే ఒక్కొక్కదానికి అదనపు రుసుము పడుతుంది కనుక వాటిని పదికే పరిమితం చేశారు కూడా.

ప్రభుత్వ రుసుములు చాలామంది భయపడేంత ఎక్కువేమీ కావు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ దరఖాస్తు 1,600 రూపాయలు, ముందస్తు ప్రచురణ 2,500, త్వరిత పరీక్ష 8,000. పెద్ద కంపెనీలకు ఇవే వరుసగా 8,000, 12,500, 60,000. ఏజెంట్ల ఫీజు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, బేరం ఆడవలసింది అక్కడే. పరీక్ష నివేదికలో ఎగ్జామినర్ రెండు పాత విదేశీ పేటెంట్లను చూపి ఆవిష్కరణ దశ, అంటే ఆ రంగం తెలిసినవారికి తేలిగ్గా తట్టని ముందడుగు, లేదన్నారు. తెలిసిన పరికరాలను కలిపి పెట్టడమేనంటూ పేటెంట్ చట్టంలోని 3(ఎఫ్) సెక్షన్ కింద కూడా అభ్యంతరం తెలిపారు. వీడియో హియరింగులో సంస్థ వాదన క్లుప్తంగా, మిషన్‌ను నిజంగా అర్థం చేసుకున్నవారి వాదనలా ఉంది. పౌచ్ అంచు మీద పడిన కారం ఫొటోను, బిళ్ల పెట్టాక తీసిన ఫొటోను పక్కపక్కన చూపించడం బాగా పనిచేసింది.

ఇక మొదటి ఫిర్యాదు. దరఖాస్తు ఎవరి పేరున వేయాలనే విషయాన్ని సంస్థ అసలు చర్చించకుండా, అలవాటు ప్రకారం మా భాగస్వామ్య సంస్థ పేరుతో ఫారాలు సిద్ధం చేసింది. ఆదాయపు పన్ను చట్టం (1961 నాటి చట్టంలో 115బీబీఎఫ్ సెక్షన్) ప్రకారం, భారతదేశంలో అభివృద్ధి చేసి ఇక్కడే రిజిస్టరు చేసిన పేటెంట్ మీద వచ్చే రాయల్టీకి, ఖర్చులేవీ మినహాయించకుండా, 10 శాతం పన్ను చెల్లించే వీలుంది. అయితే ఆ సెక్షన్ ఉద్దేశించిన పేటెంటుదారు నిజమైన తొలి ఆవిష్కర్త అయి ఉండాలి. ఈ సంగతి మాకు చెప్పింది ఏజెంట్లు కాదు, మా ఆడిటరు గారు. ఆయన మాట మీద ఫారాలు మార్పించి నా పేరు, తమ్ముడి పేరు వేయించాము. వ్యక్తులు దరఖాస్తు చేసినా రుసుము అంతే. దరఖాస్తుదారుల్లో ఒక మహిళ ఉన్నందున త్వరిత పరీక్షకు అర్హత కూడా పోలేదు. పేటెంట్‌ను లాభంగా మారుస్తామని బ్రోచర్‌లో రాసుకునే సంస్థకు పన్ను సంగతి తన పని కాదని అనుకునే హక్కు లేదని నా అభిప్రాయం.

మంజూరు పత్రం వచ్చిన రోజున సంస్థవారు పంపిన శుభాకాంక్షల్లో ఇక మీ మార్కెట్ భద్రమని రాశారు. పేటెంట్ చట్టం మాత్రం, 13(4) సెక్షన్‌లో, మంజూరు చేసినంత మాత్రాన ఆ పేటెంట్ చెల్లుబాటుకు హామీ ఇచ్చినట్టు కాదని స్పష్టంగా చెబుతుంది. చెన్నైవారికి దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చిన్న ఇంజనులో రెండు స్పార్క్ ప్లగ్గుల పద్ధతిపై తనకున్న పేటెంట్‌ను ఉల్లంఘించారంటూ 2007లో బజాజ్ కంపెనీ టీవీఎస్ ఫ్లేమ్ బైకుపై మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. 2008లో సింగిల్ జడ్జి నిలుపుదల ఉత్తర్వు ఇచ్చారు, 2009లో డివిజన్ బెంచి దానిని కొట్టివేసింది, అదే ఏడాది సుప్రీంకోర్టు విచారణ త్వరగా ముగించమని ఆదేశించింది, చివరకు 2019లో రెండు కంపెనీలు రాజీ పడ్డాయి. అంత పెద్ద కంపెనీలకే అన్నేళ్లు పట్టిన దావాను మా వంటివారు నడపలేరు. మా పేటెంట్ మాకు పనికివచ్చింది కోర్టులో కాదు, బేరం దగ్గర.

కోయంబత్తూరుకు చెందిన ఒక తయారీదారు తన మిషన్లలో మా బిళ్లను వాడుకుంటానని వచ్చినప్పుడు, లైసెన్సు ఒప్పందం ముసాయిదాను సంస్థవారే ఇచ్చారు. రాయల్టీని మిషన్ అమ్మకం ధరలో శాతంగా లెక్కించాలన్నది అందులోని షరతు. ఆ మిషన్ ధరలో మోటార్లు, వాటిని నడిపే పీఎల్‌సీ కంట్రోలర్, తూకం కొలిచే లోడ్ సెల్, స్టీలు బాడీ అన్నీ ఉంటాయి, మా ఆవిష్కరణ ఉన్నది గరాటు అడుగున మాత్రమే. ఆ లెక్క మీద పట్టుబడితే అవతలివారు పుస్తకాలు చూపడానికి వెనకాడతారు, మేము నమ్మడానికి వెనకాడతాము. అందుకని అమర్చిన ప్రతి యూనిట్‌కు ఇంత అని, ఏడాదికి కనీస మొత్తం ఇంత అని, అరిగే బిళ్లలు మాత్రం మా దగ్గరే కొనాలని మేము అడిగాము. చివరి షరతును చూసి సంస్థవారు వెంటనే ఆపారు. పేటెంట్ లేని వస్తువులను లైసెన్సుదారు మీద రుద్దే షరతులు పేటెంట్ చట్టం 140వ సెక్షన్ కింద చెల్లవని, బిళ్లకు విడి క్లెయిము ఉన్నా ఈ షరతును జాగ్రత్తగా రాయాలని చెప్పి వాక్యాలు మార్చి ఇచ్చారు. ముసాయిదా మూస పోసినట్టు ఉన్నా దిద్దుబాటు మాత్రం నిపుణుల పని.

సంస్థ విడిగా ఫీజు తీసుకుని ఇచ్చిన వాణిజ్యీకరణ నివేదిక గురించి ఇంత మంచిగా చెప్పలేను. మందపాటి గ్లేజు కాగితం మీద అచ్చువేసిన ఆ నివేదికలో ప్రపంచ ప్యాకేజింగ్ యంత్రాల మార్కెట్ మొత్తాన్ని తీసుకుని, అందులో ఒక చిన్న శాతం మాకు వస్తుందని ఊహించి, దాన్ని ఇరవై ఏళ్లకు లెక్కగట్టి పేటెంట్ విలువ కోట్లలో చూపారు. నివేదిక రాసినవారు గుంటూరులో ఒక్క మిల్లుకైనా ఫోన్ చేసిన దాఖలా లేదు. ఎన్ని మిల్లుల్లో ప్యాకెట్లు తిరిగి వస్తున్నాయి, ఆ నష్టం తప్పడానికి మిల్లు యజమాని మిషన్ మీద అదనంగా ఎంత ఇస్తాడు అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేని విలువ కట్టడం ఏ బ్యాంకు మేనేజరునూ ఒప్పించదు, మా మేనేజరునూ ఒప్పించలేదు. ఇలాంటి అంచనాలు ఎంత తప్పవచ్చో కొడాక్ ఉదంతం చూపుతుంది. 1975లోనే డిజిటల్ కెమెరా నమూనా తయారైన ఆ కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. 200 కోట్ల డాలర్ల పైన పలుకుతాయని అంచనా వేసిన సుమారు 1,100 డిజిటల్ ఇమేజింగ్ పేటెంట్లు ఆ ఏడాది చివర కుదిరిన ఒప్పందంలో దాదాపు 52.7 కోట్ల డాలర్లకే పోయాయి.

విదేశాల్లో కూడా దరఖాస్తు వేయమని చాలా ఒత్తిడి చేశారు. మా మిషన్లు అమ్ముడుపోని దేశంలో మాకు పేటెంట్ ఎందుకన్న ప్రశ్నకు వారి దగ్గర సరైన జవాబు లేకపోవడంతో ఆ మాట అక్కడితో ముగిసింది.

మంజూరు తర్వాత సేవ బాగా పలుచబడింది. పేటెంట్ బతికి ఉండాలంటే మూడో ఏడాది నుంచి రెన్యువల్ రుసుము కట్టాలి. మాలాంటివారికి అది మొదట ఏడాదికి 800 రూపాయలు, చివరి ఐదేళ్లు 8,000 చొప్పున పెరిగి, పూర్తి కాలానికి మొత్తం 76,800 అవుతుంది. గుర్తు చేసి కట్టినందుకు సంస్థ అడిగిన నిర్వహణ ఛార్జీ ఆ 800 కంటే ఎక్కువ. 2024 నిబంధనల ప్రకారం కనీసం నాలుగేళ్ల రుసుము ఆన్‌లైన్‌లో ముందుగా కడితే 10 శాతం తగ్గింపు ఉందన్న మాట కూడా వారు చెప్పలేదు. పేటెంట్ కార్యాలయం వెబ్‌సైటులో మేమే కట్టుకున్నాము. సైటు అప్పుడప్పుడు మొరాయించినా పని జరుగుతుంది.

పేటెంట్‌ను దేశంలో ఎంత వినియోగించారో తెలిపే ఫారం 27 ను కూడా వారు నామమాత్రంగా చూశారు. ఇప్పుడు దానిని మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి ఇస్తే చాలు కానీ, అది తేలికగా తీసుకోవలసిన కాగితం కాదు. బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలు ఉన్నప్పుడు, దానిని 8,880 రూపాయలకు మించకుండా అమ్మే షరతుతో హైదరాబాదుకు చెందిన నాట్కోకు 2012లో కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకున్నా ప్రభుత్వం ఇచ్చే తయారీ అనుమతి) ఇచ్చినప్పుడు, ఆ మందు ఎంతమందికి అందిందో తేల్చడానికి బేయర్ ఇచ్చిన వినియోగ వివరాలు కూడా పరిశీలనకు వచ్చాయి.

మొత్తం మీద, పాత పేటెంట్ల వెతుకులాట, క్లెయిముల రచన, హియరింగు వాదన కోసం ఈ సంస్థకు మళ్లీ ఫీజు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. విలువ కట్టే నివేదిక, రెన్యువల్ నిర్వహణ మాత్రం తీసుకోను. పసుపు పొడి కారం కంటే మెత్తగా ఉండి బిళ్ల చీలికలోంచి కూడా జారుతోందని గుర్తించి తమ్ముడు చేసిన మార్పుకు, ప్రధాన పేటెంట్‌కు అనుబంధంగా పేటెంట్ ఆఫ్ అడిషన్ దరఖాస్తును వీరికే ఇచ్చాము. దానికి విడిగా రెన్యువల్ రుసుము ఉండదని ఈసారి వారే ముందుగా చెప్పారు.