లాక్‌డౌన్‌లో వీడియో కాల్ ఫిజియోథెరపీ: 14 నెలలు చేశాక

నాకు 2014 నుంచీ నడుం నొప్పి. కుడి పిరుదు మీదుగా పిక్క దాకా లాగుతుంది. నడుం దగ్గరి ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఎక్కువైనప్పుడల్లా హన్మకొండలో క్లినిక్‌కి వెళ్లి పది రోజులు మిషన్‌తో కరెంటు పెట్టించుకోవడం, రెండు నెలలకు మళ్లీ అదే వరస. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడేసరికి ఆ పది రోజుల్లో నాలుగే అయ్యాయి. ఏప్రిల్‌లో మా ఫిజియో అమ్మాయే ఫోన్ చేసి, "ఆంటీ, వీడియో కాల్‌లో చేయిస్తాను, చూద్దామా?" అంది. అలా 2021 జూన్ దాకా సాగింది. మొదట్లో వారానికి మూడుసార్లు, చివర్లో పదిహేను రోజులకోసారి, కాల్‌కి 300 రూపాయలు.

మొదటిరోజు వ్యాయామమే లేదు, అన్నీ ప్రశ్నలే. మూత్రం పట్టు తప్పుతోందా, తొడల మధ్య మొద్దుబారిందా, నడుస్తుంటే పాదం పైకి లేవక వేలాడుతోందా? వీటిలో ఏది ఉన్నా ఫోన్ పెట్టేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలంది. ఇవి అడగకుండానే వ్యాయామాలు మొదలుపెట్టించేవాళ్ల దగ్గర దయచేసి చేరకండి.

మిషన్లు లేకపోవడమే నాకు మేలు చేసిందని నమ్ముతున్నాను. క్లినిక్‌లో నేను పడుకుంటే చేసేది వాళ్లు. ఇంట్లో చేయాల్సింది నేనే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తే బ్రిడ్జ్ 12 సార్లు చేసి చూపించాను. "రేపటి నుంచి ఎనిమిదే చేయండి. బాగున్న రోజూ ఎనిమిదే, బాగోలేని రోజూ ఎనిమిదే" అంది. అప్పటిదాకా నొప్పి తగ్గిన రోజున బట్టలు, బూజులు, డబ్బాలు అన్నీ ముందేసుకుని, తర్వాత మూడు రోజులు మంచం పట్టేదాన్ని. నా నొప్పి ముదరడానికి సగం కారణం అదేనని ఆరేళ్లలో నాకెవరూ చెప్పలేదు. రోజూ పొద్దున నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె వేసి వాట్సాప్‌లో పంపేదాన్ని. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు, నొప్పి కాల్లోకి దిగుతుంటే మాత్రం ఆపాలి.

బియ్యం డబ్బాకి ఆనించిన ఫోన్‌లో ఆమెకు నేను పక్కనుంచి కనిపించేదాన్ని. ఒకరోజు, "ఆంటీ, ఊపిరి బిగబడుతున్నారు. పైకి లెక్కపెట్టండి" అంది. పైకి లెక్కపెడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. ఆ ఒక్క మాటతో మెడ, భుజాలు కూడా వదులయ్యాయి.

లోపాలూ ఉన్నాయి. ఎదురుగా ఉన్న మనిషిని చూసి చేస్తుంటే కుడిఎడమలు తారుమారవుతాయి. వారం రోజులు నరం సాగదీసే వ్యాయామం ఎడమ కాలికి చేశాను. తర్వాత కుడి కాలికి ఎర్ర రిబ్బన్ కట్టుకుంటే సరిపోయింది. సాయంత్రం సిగ్నల్ నిలిచేది కాదు, పొద్దున ఆరున్నరకు మార్చుకున్నాం. అసలు లోటు చేతి స్పర్శ. ఏ కండరం బిగిసిందో నొక్కి చూస్తే తెలిసేది ఫోన్‌లో తెలియదు. నన్ను ముందే క్లినిక్‌లో చూసి ఉంది కాబట్టి నడిచింది. కొత్తవాళ్లు వీలైతే ఒక్కసారి నేరుగా చూపించుకుని మొదలుపెట్టండి. తూలిపడే పెద్దవాళ్లయితే పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

నొప్పి పోలేదు. 7 ఉండేది 3కి వచ్చింది. ఎనిమిది బ్రిడ్జ్‌లు ఇరవై అయ్యాయి, ఇప్పటికీ చేస్తున్నాను. 2021 సద్దుల బతుకమ్మ నాడు ఏడేళ్ల తర్వాత మొదటిసారి గంటసేపు వంగుతూ చప్పట్లు కొడుతూ ఆడాను. మర్నాడు పొద్దున ఆ అమ్మాయికి పంపిన అంకె 4.