కంప్యూటర్‌లోని రంగుల దీపాలు ఒంటికి చేటా? కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నా కంప్యూటర్‌ను కట్టించుకున్నప్పుడు ఫ్యాన్లు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, కీబోర్డు అన్నీ రంగుల దీపాలు ఉన్నవే వచ్చాయి. నా బడ్జెట్‌లో దీపాలు లేనివి వెతికి పట్టుకోవడమే కష్టమైంది. తర్వాత బల్ల వెనుక అంచుకు ఐదు మీటర్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ కూడా అతికించాను. అమెరికా వేళలకు తగ్గట్టు రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసేవాణ్ని, పైగా ఆ గదిలోనే నిద్రపోయేవాణ్ని కాబట్టి, ఈ దీపాల ప్రభావం కంటి మీదా నిద్ర మీదా ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి గమనించే అవకాశం నాకు కలిగింది. ఈ దీపాలు కంటిచూపును పోగొట్టవు. నిద్రను, తలనొప్పి స్వభావం ఉన్నవారి ప్రశాంతతను మాత్రం పోగొట్టగలవు. అది కూడా వాటిని ఎక్కడ అమర్చాం, ఏ వేళలో వెలిగించాం, ఎంత వేగంగా కదలనిచ్చాం అన్న వాటిని బట్టి ఉంటుంది.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న చూపు గురించే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. నీలి కాంతి రెటీనాను, అంటే కంటి లోపలి వెనుక పొరను, కాల్చేస్తుందన్న భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. చాలా తీవ్రమైన నీలి కాంతి చాలాసేపు సూటిగా పడితే రెటీనా కణాలు దెబ్బతినడం నిజమే, ఆ ప్రమాదం 435 నుంచి 440 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అత్యధికంగా ఉంటుంది. అయితే ఎంత తీవ్రత, ఎంతసేపు అన్నదే ఇక్కడ అసలు విషయం. దీపాలను ఈ లెక్కన నాలుగు తరగతులుగా విభజించే ఐఈసీ 62471 అనే అంతర్జాతీయ ప్రమాణం 2006 నుంచీ ఉంది. ఫ్యాన్‌లోని చిన్న నీలి ఎల్‌ఈడీ సుమారు 465 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, దాని శక్తి వాట్‌లో చిన్న భాగం, పైగా దాని ముందు పాల రంగు ప్లాస్టిక్ పొర ఉంటుంది. యూరోపియన్ కమిషన్‌కు సలహాలిచ్చే షీర్ అనే శాస్త్రీయ సంఘం 2018లో ఎల్‌ఈడీల మీద అభిప్రాయం వెలువరిస్తూ, మామూలు వాడకంలో ఆరోగ్యవంతులైన ప్రజలకు వీటి కాంతి వల్ల నేరుగా హాని కలుగుతున్నదనడానికి ఆధారం లేదని చెప్పింది. ఫ్రాన్స్‌కు చెందిన ఆరోగ్య భద్రతా సంస్థ ఆన్‌సెస్ 2019లో ఇంకొంత జాగ్రత్తగా మాట్లాడి, పిల్లల కళ్లకు నీలి కాంతిని వీలైనంత తగ్గించమంది. చిన్నపిల్లల కంటి కటకం పెద్దవారి కటకం కంటే స్వచ్ఛంగా ఉండటం వల్ల నీలి కాంతి ఎక్కువగా లోపలికి వెళ్తుంది. అందుకే గాజు తలుపు తీసేసిన కేబినెట్ (కంప్యూటర్ భాగాలుండే పెట్టె) ముందు పసిపిల్లలను కూర్చోబెట్టి, పొర లేని ఎల్‌ఈడీల వైపు చూడనివ్వవద్దని మా ఇంట్లో గట్టిగానే చెప్పాను.

అతినీలలోహిత కిరణాల గురించి కూడా కొందరు అడుగుతారు. ఈనాటి ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి రంగులిచ్చే) ఎల్‌ఈడీలలో ఆ భయం లేదు. 2000 తొలి ఏళ్లలో కేబినెట్లను అలంకరించడానికి కోల్డ్ కాథోడ్ ట్యూబులు వాడేవారు. వాటిలో పాదరసం ఉండేది, వెలిగించడానికి వందల వోల్టులు ఇచ్చే ఇన్వర్టర్ కావాల్సి వచ్చేది, కొన్ని రకాలు నిజంగానే అతినీలలోహిత కాంతిని వెదజల్లేవి. పాత సామాన్లలో అలాంటిది పగిలి కనిపిస్తే చేత్తో ఎత్తకుండా కిటికీలు తెరిచి, గాజుముక్కలను గట్టి కాగితంతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయాలి.

కళ్లు లాగడం, మంటపుట్టడం అనే సమస్య చూపు పోవడానికి పూర్తిగా భిన్నమైనది, అది నాకు అనుభవంలో తెలిసింది. కేబినెట్ బల్ల మీద, మానిటర్‌కు కుడి పక్కన ఉన్న రోజుల్లో సాయంత్రానికి కళ్లు బరువెక్కేవి. దానికి రెండు కారణాలున్నాయి. నీలి కాంతిని మన కన్ను ఎరుపు కంటే కొంచెం ముందుగానే కేంద్రీకరిస్తుంది కాబట్టి చీకటి గదిలో నీలి బిందువు ఎప్పుడూ అంచులు మసకబారినట్టు, చుట్టూ వలయం ఉన్నట్టు కనిపిస్తుంది. కన్ను దాన్ని సరిచేయాలని చూస్తూనే ఉంటుంది, కానీ ఆ మసక పోదు. రెండోది, గాజు పలక మీద పడిన ఫ్యాన్ల ప్రతిబింబాలు చూపు అంచున కదులుతూ ధ్యాసను లాగేస్తాయి. కేబినెట్‌ను బల్ల కిందికి దించి, ఫ్యాన్లు కదలని ఒకే రంగులో ఉండేలా పెట్టిన తర్వాత ఆ బరువు చాలావరకు తగ్గింది. మిగిలిన మంటకు కారణం దీపాలు కావు. తెర చూస్తున్నప్పుడు మనం రెప్పలు సగానికి సగం తక్కువగా ఆడిస్తాం, దానికి ఏసీ గాలి తోడైతే కళ్లు ఎండిపోతాయి. నీలి కాంతిని అడ్డుకునే కళ్లద్దాలు కూడా కొన్నాళ్లు వాడి చూశాను, చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అలాంటి అద్దాల మీద జరిగిన 17 ప్రయోగాలను కలిపి పరిశీలించిన 2023 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే సంస్థ) సమీక్ష కూడా కంటి అలసట విషయంలో వాటివల్ల తక్కువ కాలంలో ప్రయోజనం ఉండకపోవచ్చనే తేల్చింది.

బల్ల వెనుక గోడను వెలిగించే స్ట్రిప్ మాత్రం నాకు మేలే చేసింది. చీకటి గదిలో తెర ఒక్కటే వెలుగుతుంటే చూపు తెర మీదికీ గోడ మీదికీ మారిన ప్రతిసారీ కంటిపాప సర్దుకోవాల్సి వస్తుంది. తెర వెనుక మెత్తని తెల్లని వెలుగు ఉంటే ఆ తేడా తగ్గుతుంది. రంగులు దిద్దే స్టూడియోల్లో తెర వెనుక 6500 కెల్విన్ తెలుపు వెలుగును, తెర ప్రకాశంలో సుమారు పదో వంతు ఉండేలా అమర్చుకోవడం పాత పద్ధతే. దీపం కనబడకూడదు, గోడ మీద వెలుగు మాత్రమే కనబడాలి.

ఇక ఎక్కువమంది పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, మినుకు. ఈ ఎల్‌ఈడీల ప్రకాశం తగ్గించినప్పుడు నిజానికి వెలిగే క్షణంలో కాంతి తీవ్రత తగ్గదు; దీపం సెకనుకు వందలసార్లు వెలిగి ఆరుతూ, వెలిగిన సమయం తగ్గుతుంది. స్ట్రిప్పుల్లో విరివిగా కనిపించే డబ్ల్యూఎస్2812బి అనే చిప్ పత్రంలో ఈ వేగం 400 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 400 సార్లకు, తగ్గదని ఉంటుంది. కంటికి అది నిలకడగానే కనిపిస్తుంది, కానీ చూపును గబుక్కున ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పినప్పుడు దీపం చుక్కలు చుక్కలుగా విడిపోయి వరుసగా కనిపిస్తుంది. పరీక్షించుకోవడం తేలిక: గదిలో మిగతా దీపాలన్నీ ఆపి, స్ట్రిప్ వెలుగులో తెల్ల పెన్నును వేగంగా ఊపండి. పెన్ను మసకగా, ఒకే చారగా కనబడితే కాంతి ఎడతెగకుండా ఉన్నట్టు. విసనకర్ర పుల్లల్లా విడివిడిగా కనబడితే మినుకు ఉన్నట్టు. ఫోన్‌తో స్లో మోషన్ వీడియో తీసినా నల్లని చారలు తేలతాయి. ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం 2015లో వెలువరించిన 1789 సిఫార్సుల లెక్క ప్రకారం, పూర్తిగా వెలిగి పూర్తిగా ఆరే దీపం 1250 హెర్ట్జ్ దాటితే ముప్పు తక్కువ, 3000 దాటితే లేనట్టే. ఆ సిఫార్సులు గది దీపాలను ఉద్దేశించినవే అయినా 400 అన్నది ఎంత తక్కువో వాటిని బట్టి తెలుస్తుంది.

నా భార్యకు మైగ్రేన్ ఉంది. స్ట్రిప్‌ను బాగా తగ్గించి ఊదారంగులో పెట్టిన రాత్రుల్లో, కారణం తెలియకుండానే ఆమె ఆ గదిలో ఎక్కువసేపు ఉండలేకపోయేది. ప్రకాశం తగ్గిస్తే మంచిదనే మనం అనుకుంటాం, కానీ తగ్గించిన కొద్దీ ఆరిన సమయం పెరిగి మినుకు మరింత తీవ్రమవుతుంది. స్వచ్ఛమైన ఎరుపునో ఆకుపచ్చనో పూర్తి ప్రకాశంలో పెట్టినప్పుడు ఆ ఒక్క రంగు చిప్ దాదాపు ఎడతెగకుండా వెలుగుతుంది కాబట్టి మినుకు పోతుంది. అందువల్ల ప్రకాశాన్ని సాఫ్ట్‌వేర్‌లో తగ్గించకుండా, స్ట్రిప్‌ను గోడ వైపు తిప్పి, పైన పాల రంగు మూత ఉన్న అల్యూమినియం పట్టీలో కూర్చోబెట్టాను. హార్వర్డ్ వైద్యశాలల్లో పనిచేసే రామి బర్‌స్టీన్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో మైగ్రేన్ ఉన్నవారిని అన్ని రంగుల్లోకీ ఆకుపచ్చ తక్కువ బాధిస్తుందని తేలింది. మా అనుభవం కూడా దానికి దగ్గరగానే ఉంది; ఆకుపచ్చలో ఆమెకు ఇబ్బంది రాలేదు.

మూర్ఛ వ్యాధి ఉన్నవారి సంగతి దీనికంటే తీవ్రమైనది. కాంతికి స్పందించే రకం మూర్ఛ సాధారణంగా సెకనుకు మూడు నుంచి ముప్పై మెరుపుల మధ్య రేగుతుంది. జపాన్‌లో 1997 డిసెంబర్ 16న ప్రసారమైన పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు పన్నెండుసార్లు మారిన దృశ్యం చూసి దాదాపు 685 మంది ఆస్పత్రుల పాలయ్యారు, వారిలో ఎక్కువమంది పిల్లలే. ఆర్‌జీబీ సాఫ్ట్‌వేర్లలో స్ట్రోబ్, ఫ్లాష్ పేర్లతో ఉండే మోడ్‌లు, పాటకు తగ్గట్టు ఎగిరే మోడ్‌లు ఆ వేగాన్ని సులభంగా అందుకోగలవు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉన్నా, ఎప్పుడైనా వచ్చిందన్నా ఆ మోడ్‌లను అసలు ముట్టుకోకూడదు. చిన్న ఫ్యాన్ కంటే గోడంతా పరుచుకునే స్ట్రిప్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

నిద్ర దగ్గరికి వస్తే, రెటీనాలో చూపుతో నిమిత్తం లేకుండా పగలో రాత్రో మెదడుకు చెప్పే కణాలు కొన్ని ఉన్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం 480 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకాశనీలం రంగుకు, ఎక్కువగా స్పందిస్తుంది. ఆ స్పందన వల్ల రాత్రి అయిందని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల వెనక్కి పోతుంది. నిపుణుల బృందం ఒకటి 2022లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం పడుకోవడానికి మూడు గంటల ముందు నుంచి కంటి దగ్గర ఈ కణాల లెక్కన కాంతి 10 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) మించకూడదు, నిద్రలో 1 లక్స్ దాటకూడదు. నీలి, సయాన్ (నీలి ఆకుపచ్చ) రంగు దీపం మామూలు లక్స్ మీటర్‌లో చాలా తక్కువ చూపించినా ఈ లెక్కలో అంతకంటే ఎంతో ఎక్కువగా తేలుతుంది. నా కేబినెట్ సయాన్‌లో ఉన్న కాలంలో పని అయిపోయి పడుకున్నాక కునుకు పట్టడానికి చాలాసేపు పట్టేది. రాత్రి తొమ్మిది తర్వాత అన్నిటినీ ముదురు ఎరుపుకు మార్చే ప్రొఫైల్ పెట్టుకున్నాక నిద్ర త్వరగా పడుతోంది. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. మన ఇళ్లలో రాత్రి పదకొండు దాకా పడకగదిలో వెలిగే 20 వాట్ల తెల్ల ట్యూబ్‌లైట్ సుమారు 2000 ల్యూమెన్ల 6500 కెల్విన్ కాంతిని నెత్తి మీద కుమ్మరిస్తుంది. దాన్ని అలాగే ఉంచి ఫ్యాన్‌లోని చిటికెడు నీలాన్ని తిట్టడం సబబు కాదు. నేను ట్యూబ్‌లైట్ బదులు పసుపు వెలుగు టేబుల్ దీపం పెట్టుకున్నదీ ఆ రోజుల్లోనే కాబట్టి, మెరుగైన నిద్రలో ఎరుపు ప్రొఫైల్ వాటా ఎంతో విడదీసి చెప్పను.

కంప్యూటర్‌ను ఆపేసినా ర్యామ్, మదర్‌బోర్డు, మౌస్ రాత్రంతా వెలుగుతూనే ఉండటం చాలామందిని విసిగించే విషయం. పవర్ సప్లై ఆపివేసిన స్థితిలో కూడా 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది, దీపాలు దాని మీద బతుకుతాయి. బయోస్‌లో (మదర్‌బోర్డు అమరికల మెనూలో) ఈఆర్‌పీ అనే, ఆపివేసిన స్థితిలో కరెంటు వాడకాన్ని తగ్గించే అమరికను ఆన్ చేస్తే, లేదా ఆర్‌జీబీ మెనూలో ఆపివేసిన స్థితికి విడిగా ఉండే ఆప్షన్‌ను తీసేస్తే, గది నిజంగా చీకటి అవుతుంది. పడకగదిలో కంప్యూటర్ ఉన్నవారు ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్కటి చేసుకోవాలని నా విన్నపం.

కరెంటు, వేడి విషయంలో ఫ్యాన్లతో ముప్పేమీ లేదు. స్ట్రిప్పులతోనే జాగ్రత్త కావాలి. మీటరుకు 60 దీపాలున్న 5 వోల్టుల స్ట్రిప్‌లో ఒక్కో దీపం పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల వరకూ తీసుకుంటుంది, అంటే ఐదు మీటర్లకు 18 ఆంపియర్లు, 90 వాట్లు. మదర్‌బోర్డు మీద దీపాల కోసం ఇచ్చే పిన్నుల్లో చాలావాటి హద్దు 3 ఆంపియర్లే. స్ట్రిప్ చివర తెలుపు పసుపుగా మారుతుంటే దారిలో వోల్టేజి పడిపోతున్నట్టే; వైరు మొదట్లో వేలితో తాకి చూసినప్పుడు వేడిగా ఉంటే వెంటనే ఆపి, విడి పవర్ సప్లై వాడాలి. మూడు పిన్నుల 5 వోల్టుల స్ట్రిప్‌ను నాలుగు పిన్నుల 12 వోల్టుల చోట బలవంతంగా గుచ్చితే అక్కడికక్కడే మాడిపోతుంది. కర్టెన్ వెనుక, పరుపు అంచున స్ట్రిప్పులు అతికించే అలవాటు నాకు ఏమాత్రం నచ్చదు. మన వేసవిలో జిగురు ఊడి, చుట్ట చుట్టుకుపోయి ఒకే చోట వేడెక్కుతుంది.

కొనబోయేవారికి నేను చెప్పేది ఒక్కటే: రంగుల సంఖ్య కంటే, ఎంచుకున్న రంగు పరికరంలోనే నిలిచిపోయే జ్ఞాపకం ఉందో లేదో చూడండి. 2023లో విండోస్ 11లో దీపాలను ఒకే చోటి నుంచి నడిపే డైనమిక్ లైటింగ్ వచ్చాక, అంతకు ముందు నుంచే ఉన్న ఓపెన్‌ఆర్‌జీబీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనూ నా పని చాలావరకు తేలికైంది, కానీ పరికరంలో జ్ఞాపకం లేని స్ట్రిప్ ప్రతిసారీ కంప్యూటర్ ఆన్ చేయగానే ఇంద్రధనుస్సు రంగుల్లో గిరగిరా తిరుగుతూ మొదలవుతుంది, అర్ధరాత్రి ఒక అప్‌డేట్ కోసం యంత్రం దానంతట అది రీస్టార్ట్ అయితే గదంతా అదే వెలుగు. ఆ స్ట్రిప్ తీసేసి, రిమోట్‌తో నడిచే ఒకే రంగు తెల్ల స్ట్రిప్ పెట్టాను. కీబోర్డు దీపాలు పూర్తిగా ఆపేశాను. ఫ్యాన్లు పగటిపూట నీలంగా, రాత్రి ఎర్రగా వెలుగుతున్నాయి.